తాడు ఇవతల పిల్లలు

ఏడాదికి ఒక్కరోజు ఆ విశ్వవిద్యాలయం గేట్లు బార్లా తెరుస్తారు. ప్రవేశం ఉచితం, చుట్టుపక్కల స్కూళ్లన్నిటికీ ఆహ్వానం. పేరు ఇక్కడ అనవసరం, చాలాచోట్ల కథ ఇదే. మా జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 38 మందిని తీసుకుని తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. పదిన్నరకి చేరేసరికి లైను రోడ్డెక్కి ఉంది.

లోపల ప్రతి బల్ల ముందూ నైలాన్ తాడు. అటు రీసెర్చ్ స్కాలర్, ఇటు మా పిల్లలు. ద్రవ నత్రజనిలో గులాబీని ముంచి బల్లకేసి కొడితే పెంకులా విరిగింది. పిల్లలు ఓ అని అరిచారు. మైనస్ 196 డిగ్రీలంటే ఏమిటో ఆ అబ్బాయి ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయాడు. అతన్ని అనడానికేం లేదు, పొద్దుట్నుంచి అదే ముక్క ఎన్నోసారి చెబుతున్నాడో, గొంతు బొంగురుపోయింది. వెనక ఇంకో స్కూలు తోసుకొస్తోంది. సెక్యూరిటీ అతను "నడవండి, నడవండి" అంటున్నాడు. మా పిల్లలు పోస్టర్ల మీద కనిపించిన మాటలన్నీ నోట్‌బుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. ఎందుకురా అంటే, పరీక్షలో వస్తాయేమో సార్ అన్నారు.

ఒక్క బల్ల దగ్గర మాత్రం తాడు లేదు. అది కారిడార్ చివర, బాత్రూముల పక్కన ఉంది. అక్కడికి ఎవరూ పెద్దగా రావడం లేదు. గుంటూరు వైపు యాసలో మాట్లాడే ఒక స్కాలర్ అమ్మాయి, ఒక గెల అరటిపళ్లు, గిన్నెలు కడిగే లిక్విడ్ సీసా, ఉప్పు పొట్లం, టీ వడపోసే జల్లెడలు, ఐస్‌డబ్బాలో స్పిరిట్ సీసా. "రండి, చేతులు కడుక్కుని రండి" అంది. ముక్క అరటిపండు ప్లాస్టిక్ కవర్లో వేసి గుజ్జుగా పిసకమంది. అందులో ఉప్పు, సబ్బు కలిపిన నీళ్లు పోయించింది. నురగ రాకుండా మెల్లగా కలపమంది. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసిందనీ, గిన్నె జిడ్డు వదిలించే సబ్బే ఆ పొరనూ చీలుస్తుందనీ చెప్పింది. వడకట్టిన నీళ్లలోకి చల్లటి స్పిరిట్‌ని గ్లాసు అంచు వెంట జారవిడిస్తే అది పైన తేలింది. రెండూ కలిసేచోట తెల్లటి పోగులు లేచాయి, పాలు విరిగినప్పుడు లేచినట్టు. అదే అరటిపండు డీఎన్ఏ, ప్రతి కణంలోనూ ఉండే వారసత్వ పదార్థం అంది. చీపురుపుల్లతో చుట్టి పైకెత్తమంది.

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు పుల్ల పైకెత్తి చాలాసేపు చూశాడు. "అక్కా, నాలో ఉన్నదీ ఇలాగే ఉంటుందా?" అన్నాడు. "ఇలాగే ఉంటుంది. అరటిపండుదీ నీదీ పక్కపక్కన పెడితే చూసి తేడా చెప్పలేం" అంది.

అక్కడ నలభై నిమిషాలు గడిపాం. మిగతా క్యాంపస్‌లో సగం చూడకుండానే బస్సెక్కాం. ఏం గుర్తుందని మర్నాడు క్లాసులో అడిగితే గులాబీ అన్నవాళ్లు కొందరు, అరటిపండు అన్నవాళ్లు అందరూ. గులాబీ గురించి వాళ్లు చెప్పింది ఒక్క వాక్యం. అరటిపండు గురించి ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. నీ గ్లాసులో తక్కువ వచ్చింది, నువ్వు నురగ చేశావు, నేను స్పిరిట్ ఒక్కసారే పోసేశాను, అందుకే రాలేదు. సైన్సు క్లాసులో పిల్లలు తమ తప్పు గురించి అంత ఇష్టంగా మాట్లాడుకోవడం నేను అరుదుగా విన్నాను.

గేట్లు తెరిచి చూపించే ఓపెన్ డే వేరు, చేత్తో చేయించే వర్క్‌షాప్ వేరు. మన సంస్థలు మొదటిది చేసి రెండోది చేశామని నమ్ముతున్నాయి. ఫిబ్రవరి 28 వస్తే జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో ఆ రోజున రామన్ ఎఫెక్ట్ వెలుగు చూసింది, 1987 నుంచి ఏటా జరుపుతున్నాం. సెప్టెంబరు 26 కేంద్ర ప్రయోగశాలల్ని నడిపే సీఎస్ఐఆర్ పుట్టినరోజు, 1942 నాటిది. ఈ రెండు తేదీల చుట్టూ దేశంలో చాలా ప్రయోగశాలల తలుపులు తెరుచుకుంటాయి. మంచిదే, కాదనను. బెంగళూరులోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ ఓపెన్ డేకి వేలమంది వెళ్తారు, ఆ జాతర వాతావరణానికీ ఒక విలువ ఉంది. శాస్త్రవేత్త అంటే చెప్పులేసుకుని తిరిగే మామూలు మనిషేనని పిల్లలకు తెలిసేది అక్కడే. కానీ జాతరకి వెళ్లినవాడు దేవుణ్ని చూసి వస్తాడు, పూజ చేసి రాడు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, లెక్క తలల్లో ఉంది గనక. ఎంతమంది వచ్చారన్నది బ్యానర్‌కి, ప్రెస్‌నోట్‌కి, ఫైలుకి కావాలి. విశ్వవిద్యాలయాల నాణ్యతని తూచే న్యాక్ సంస్థ గ్రేడింగ్‌లో మూడో ప్రమాణం పేరే పరిశోధన, ఆవిష్కరణలు, విస్తరణ. విస్తరణ అన్న మాట అక్కడ ఉంది కాబట్టి ఏదో ఒకటి చేసి చూపించాలి. 5000 మంది పిల్లలు సందర్శించారని రాయడం తేలిక. 30 మంది పిల్లలు మూడు గంటలు కూర్చుని సగం గ్లాసులు పాడుచేశారని ఎవరు రాస్తారు?

ఇక ఉచితం అన్న మాట. గేటు దగ్గర టికెట్ లేదు, నిజమే. మా ఖర్చు బస్సుతో మొదలైంది. ఆర్టీసీ బస్సు అద్దెకి తీసుకుంటే తలకి 250 రూపాయలు పడింది. నలుగురు పిల్లలు ఆ డబ్బు తేలేదు. ఇద్దరికి మేం టీచర్లం వేసుకున్నాం, మిగతా ఇద్దరు జ్వరం అని చెప్పి రాలేదు. వాళ్లకి జ్వరం లేదని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకీ తెలుసు. ఆ రోజు మధ్యాహ్న భోజనం పిల్లలకి లేనట్టే, అందుకని ఇళ్ల నుంచి పులిహోర పొట్లాలు. హెడ్‌మాస్టరు సంతకం, ఎంఈఓ అనుమతి, ప్రతి తల్లిదండ్రుల చేతా రాయించుకున్న కాగితం, ఆడపిల్లలకి తోడుగా లేడీ టీచరు, ఆమె క్లాసులకి ఇంకొకరు. ఇంత టెన్షన్ పడి మళ్లీ ఏడాది ఎందుకు వెళ్లాలి అనుకునే హెడ్‌మాస్టరుని నేను తప్పుపట్టను. నగరంలోని ప్రైవేటు స్కూలుకి సొంత బస్సుంది. అందుకే ఉచిత కార్యక్రమానికి ముందుగా చేరేది, డబ్బిచ్చి కూడా వెళ్లగలిగిన పిల్లలే.

పథకాలు లేక కాదు. సీఎస్ఐఆర్ 2017 జులైలో జిజ్ఞాస మొదలుపెట్టింది. 38 ప్రయోగశాలలను 1151 కేంద్రీయ విద్యాలయాలతో కలిపి, ఏటా లక్షమంది పిల్లల్ని శాస్త్రవేత్తల దగ్గరకు చేర్చాలన్నది లక్ష్యం. మంచి ఆలోచన. కానీ మొదటి వరసలో కూర్చోబెట్టింది ఎక్కువగా బదిలీల మీద తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లలని. తర్వాత నవోదయల వంటివాటికీ విస్తరించారు. నవోదయ సీటు కూడా పరీక్ష రాసి గెలుచుకున్నదే. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ పథకం కింద ఐదు రోజుల సైన్సు శిబిరాలు జరుగుతాయి. వాటికి పిలుపు పదో తరగతిలో పై ఒక శాతం మార్కులొచ్చి ఇంటర్‌లో సైన్సు తీసుకున్నవాళ్లకి. మన రెండు రాష్ట్రాల్లో ఆ పిల్లలు అప్పటికే ఎక్కడుంటారో అందరికీ తెలుసు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ. పబ్లిక్ పరీక్షల ముందు నాలుగు వారాల్లో ప్రాక్టికల్స్ అయిందనిపించే కాలేజీలు కొన్ని కావు. ఆ వయసుకి పిల్లవాడి చేతికి ద్రవం కొలిచే పిపెట్ ఇస్తే అదెన్ని మార్కులకని అడుగుతాడు. పట్టుకోవాల్సింది ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో, మార్కులు ఎవర్ని ఎటు పంపాలో ఇంకా తేల్చకముందు.

2015 జులై 9న అబ్దుల్ కలాం చేతుల మీదుగా రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్ మొదలైంది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి సైన్సు, లెక్కల మీద ఇష్టం కలిగించాలి, పెద్ద విద్యాసంస్థలు చుట్టుపక్కల స్కూళ్లకి మెంటార్లుగా ఉండాలి అన్నది అందులోని మాట. కాగితం మీద నాకు బాగా నచ్చినది ఇదే. మా స్కూలుకి మెంటార్ సంస్థ ఏదో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లండ్‌లో విశ్వవిద్యాలయాలు స్కూలు పిల్లలకి ఉచిత వర్క్‌షాపులు నడపడం చూసి మనవాళ్లు అబ్బ ఎంత పెద్ద మనసో అంటారు. మనసుతో పాటు చట్టం కూడా ఉంది. అక్కడ ఎక్కువ ఫీజు వసూలు చేయాలంటే, వెనకబడిన ప్రాంతాల పిల్లలకి ఏం చేస్తున్నారో ప్రణాళిక రాసి నియంత్రణ సంస్థ చేత ఆమోదం పొందాలి. అందుకే అక్కడ కొన్నిచోట్ల బస్సు ఖర్చు కూడా విశ్వవిద్యాలయమే ఇస్తుంది. ఫీజు పెంచమని అడిగే మన ప్రైవేటు యూనివర్సిటీల ముందు ఇలాంటి షరతు ఒకటి పెడితే చూడాలని ఉంది.

అంత దూరం ఎందుకు, పుణె ఉంది. ఖగోళ పరిశోధనకి శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ నిలబెట్టిన సంస్థ ఐయూకా. అక్కడ నెలకో రెండో శనివారం స్కూలు పిల్లలకి ప్రసంగాలు పెట్టారు. వేసవి సెలవుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కొద్దికొద్దిమందిగా వచ్చి వారంపాటు ఒక శాస్త్రవేత్త దగ్గర ఉంటారు. సిలబస్ ఏమీ ఉండదు, ఆయనా వాళ్లూ కలిసి ఏదో ఒకటి చేస్తారు. పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా కూడా 2003 నుంచి పదకొండేళ్లు అక్కడి పిల్లల సైన్సు కేంద్రంలోనే పనిచేశారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్‌ట్యూబు ముక్కలు ఆయన సరంజామా. ఖర్చు లేదు అనే సాకు అక్కడ నిలవదు.

నార్లీకర్ గురించి పుణెలో ఒక ముచ్చట చెబుతారు. ప్రసంగం అయ్యాక పిల్లలు ఆటోగ్రాఫ్ కోసం మూగితే ఇచ్చేవారు కాదట. నీ ప్రశ్న పోస్టుకార్డు మీద రాసి పంపు, జవాబు రాసి కింద సంతకం పెట్టి పంపిస్తాను అనేవారట. ఎంతమంది పిల్లలు ఆ సంతకం కోసమే ప్రశ్న వెతుక్కుని ఉంటారో!

పిల్లల్ని తీసుకురావడం కష్టమైతే సైన్సునే బండెక్కించవచ్చని కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ చేసి చూపించింది. 1999లో మొదలైన సంస్థ, 172 ఎకరాల క్యాంపస్. ప్రయోగాల సామాను వ్యాన్లలో, మోటారు సైకిళ్ల మీద ఊళ్లకి పంపుతారు. అయినా వ్యాన్ చేయలేని పని ఒకటుంది. క్యాంపస్‌లో అడుగుపెట్టిన పిల్లవాడు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని పులిహోర తింటూ, ఇక్కడ చదవాలంటే ఎంతవుతుంది సార్ అని అడుగుతాడు. ఆ ప్రశ్న ఊళ్లో రాదు. అందుకే రెండూ కావాలంటాను.

భాష సంగతి చెప్పాలి. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ గొడవ తీరిపోయిందనుకునేవాళ్లున్నారు. మా పిల్లలకి కణం పొరని చెప్పే మెంబ్రేన్ అన్న మాట తెలుసు, కణత్వచం అన్న మాటా తెలుసు. రెండూ గిన్నె జిడ్డుతో కలిసింది మాత్రం ఆ గుంటూరు అమ్మాయి దగ్గరే. పెద్ద సంస్థల్లో స్కాలర్లు బెంగాల్ నుంచి, కేరళ నుంచి వస్తారు, వాళ్లకి తెలుగు రాకపోవడం నేరం కాదు. పక్కన తెలుగు తెలిసినవాళ్లని ఒకరిని నిలబెట్టకపోవడం మాత్రం నిర్లక్ష్యమే. మనుషులు లేరనడానికి లేదు. జన విజ్ఞాన వేదిక మూడు దశాబ్దాలకు పైగా ఊరూరా సైన్సు చెబుతోంది, చెకుముకి పత్రిక నడుపుతోంది, అందులో మా టీచర్లే బోలెడుమంది. ఒక్క ఫోన్ చేస్తే వస్తారు.

విశ్వవిద్యాలయాల వైపు ఇబ్బందులూ తెలుసు. రాష్ట్ర యూనివర్సిటీల్లో పోస్టులు ఖాళీ, ఉన్నవాళ్ల మీద క్లాసుల భారం. స్కాలర్‌కి ఆ రోజు తన ప్రయోగం ఆగిపోతుంది, గైడు మొహం చిట్లిస్తాడు. ల్యాబులో ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత? ఇవన్నీ నిజమే గానీ, అరటిపండుకి ల్యాబు అక్కర్లేదు, ఒక బల్ల చాలు. రెండో శనివారం మనకి బళ్లకి సెలవు, కాబట్టి పాఠం పోదు. సెలవు రోజున ఇంజనీరింగ్ కాలేజీల పసుపు బస్సులు వరసగా ఎండలో నిలబడి ఉంటాయి. డీజిల్ పోసి పంపితే మండలానికో స్కూలు వచ్చి వెళ్తుంది. ఏడాదికోసారి ఐదువేల మంది బదులు నెలకో ముప్పై మంది. ప్రెస్‌నోట్‌కి బాగుండదు, ఒప్పుకుంటాను.

ఆ ట్రిప్పు అయిన పది రోజులకి, పుల్ల పైకెత్తి చూసిన పిల్లవాడు హార్లిక్స్ సీసా ఒకటి పట్టుకొచ్చాడు. మెడికల్ షాపులో స్పిరిట్ కొనుక్కుని ఇంట్లో బెండకాయతో చేశాడట. సీసా నిండా తెల్లగా, జిగటగా, అరటిపండుకి వచ్చినదానికి పదిరెట్లు ఉంది. "సార్, ఇది డీఎన్ఏనా, బెండకాయ జిగురా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. స్పిరిట్ పోస్తే జిగురు కూడా అలాగే తెల్లగా విడిపోతుందని చాలా రోజుల తర్వాత ఒక పుస్తకంలో చదివి వాడికి చెప్పాను. మరి రెంటినీ విడదీసి తేల్చడం ఎలా అని వాడు వెంటనే అడిగాడు. "ఆ అక్కని అడుగుదాం సార్" అన్నాడు.

నా ఫోన్లో ఆ రోజు తీసిన ఫొటోలు చాలా ఉన్నాయి. బ్యానర్ ముందు పిల్లలందరూ వరసగా నిలబడినది కూడా ఉంది. ఆ అమ్మాయి పేరు మాత్రం మేం ఎవరమూ రాసుకోలేదు.