ఎర్ర రక్తకణం గారికి చివరి ఆయకట్టు రైతు రాయునది

గౌరవనీయులైన ఎర్ర రక్తకణం గారికి,

వరంగల్ జిల్లాలో కాలువ చివరి మడి రైతు నమస్కరించి రాయునది. మీ మీద ఒక ఫిర్యాదు ఉంది. నీళ్ల పారకం పద్ధతినంతా మీరు చెడగొడుతున్నారు.

మా పద్ధతి చెబుతా వినండి. చివరి మళ్లు నెర్రెలు బారితే రైతు పోయి తూములు చూసుకునే లస్కర్‌కు చెప్పాలి. లస్కర్ ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు, చెప్పాలి, ఏఈ పైకి రాయాలి. ఆ కాగితం కదిలేలోపు వారబందీ, అంటే వంతులవారీ నీళ్ల పద్ధతిలో, మా వంతు మారిపోతుంది. వచ్చే వంతులో చూద్దాం అంటారు. పొట్ట మీదున్న వరికి ఆ మాట ఎవరు చెప్పాలో ఏ జీవోలోనూ రాసిలేదు.

మరి మీరో? పిక్కలో కండరం కాస్త ఎక్కువ పనిచేసి ఆక్సిజన్ గుంజుకుంటే చాలు, మీలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలి ఆకారం మార్చుకుంటుంది. వెంటనే మీరు కణాలు శక్తికి వాడుకునే ఏటీపీ అణువులను బయటికి వదులుతారు. అవి రక్తనాళం లోపలి పొర మీద కబురు అందుకునే గ్రాహకాలను తాకుతాయి. ఆ పొరలో కణానికీ కణానికీ మధ్య సన్నటి దారులున్నాయి. వాటి గుండా కబురు, రక్తం పారే దిక్కుకు ఎదురెక్కి, పైనున్న చిన్న ధమని దాకా పోతుంది. ధమని గోడ కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది, కిందికి రక్తం ఎక్కువ పారుతుంది. సరుకు మోసే కూలీయే కొరత కనిపెట్టి తూము తెరిపిస్తే, ఇక లస్కర్ ఎందుకు, ఏఈ ఎందుకు? కింది నుంచి పైకి పోయిన కబురు మధ్యలో ఎక్కడా పెండింగ్ పడదంటే మాకు అనుమానంగానే ఉంది. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లోనూ పై చెరువు అలుగు పోస్తేనే కింది చెరువు నిండేది. ఎదురెక్కే కబురు వాళ్లకూ తోచలేదు.

పైగా బయటికొచ్చిన ఏటీపీని నాళం గోడల మీది ఎంజైములు త్వరగానే ముక్కలు చేస్తాయట. అంటే అవసరం తీరాక తూము మూతపడుతుంది. మా దగ్గర ఒకసారి తలుపెత్తితే పైమళ్ల వాళ్లు దించనిస్తారా?

ఇంకో నేరం. మోసే ఆక్సిజన్‌ను మీరు ఇంధనానికి వాడుకోరు. ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా మీలో లేవు, గ్లూకోజును ఆక్సిజన్ లేకుండానే విరిచి బతుకుతారు. కాలువ పొడుగునా మోటార్లు పెట్టి తోడుకునే పెద్దమనుషులకు ఈ సంగతి తెలిస్తే మనసు నొచ్చుకోదా?

ఆక్సిజన్ తగ్గితే మనిషి ఎర్రకణాలు ఏటీపీ వదులుతాయని 1992లో బెర్గ్‌ఫెల్డ్, ఫారెస్టర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అందాకా మిమ్మల్ని చాలామంది ఉట్టి బస్తాలనుకున్నారు. తర్వాత, రక్తనాళాన్ని సడలించే వాయువు నైట్రిక్ ఆక్సైడు కథ మొదలైంది. హిమోగ్లోబినే దాన్ని మోసుకొచ్చి వదులుతుందని 1996లో స్టామ్లర్ బృందం అంటే, రక్తంలోని నైట్రైట్ అనే లవణం నుంచి అక్కడికక్కడే తయారుచేస్తుందని 2003లో గ్లాడ్విన్ బృందం అంది. ఆ వాదన ఇంకా పూర్తిగా తెగలేదు. నీళ్ల పంచాయితీ ఎక్కడైనా అంతే!

ఒక్క సంగతి విన్నాక మాత్రం ధైర్యం వచ్చింది. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో, ఆక్సిజన్ తగ్గినా మీరు ఏటీపీ సరిగా వదలరని పరీక్షల్లో తేలిందట. మీలోనూ మా ఆఫీసు పద్ధతి నేర్చినవాళ్లు ఉన్నారన్నమాట.

కాబట్టి ఫిర్యాదు వాపసు తీసుకుంటాను, ఒక షరతు మీద. మీ సర్వీసు సుమారు 120 రోజులు. మా యాసంగి వరి కూడా దాదాపు అంతే. మీలో ఒకరిని ఈ పంటకు మా కాలువ మీద డిప్యుటేషన్ వేయించండి. తిండికి గ్లూకోజు మేమే పెడతాం. తూము తాళంచెవి లస్కర్ దగ్గరుంది, ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

ఇట్లు,
చివరి మడి రైతు