కెనడా ఆదివాసుల నిరాశ్రయత: చెలామణిలో ఉన్న ఒక వాదనకు ఖండన

కెనడాలో స్థిరపడిన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం రకరకాల రూపాల్లో తిరుగుతోంది. దాని సారాంశం ఇది. ఇక్కడి ఆదివాసులకు ప్రభుత్వం ఉచితంగా ఇళ్లు ఇస్తుంది, పన్నులు వేయదు, అయినా వీధుల్లో ఉంటున్నారంటే అది వాళ్లు కోరుకున్న బతుకే. ఎంతమంది ఉన్నారో తెలియాలంటే ఒక రాత్రి డౌన్‌టౌన్‌లో తిరిగి లెక్కపెడితే చాలు. ఆదివాసీ సంఘాలను భాగస్వాములను చేసుకొని విశ్వవిద్యాలయాలు జరిపే అధ్యయనాలు నిష్పాక్షికం కావు, నచ్చని ఫలితాలను ఆ సంఘాలు తొక్కిపెట్టేస్తాయి. ఆ అధ్యయనాల డబ్బేదో ఇళ్లకే పెడితే సమస్య తీరిపోతుంది. వినడానికి ఇంగితజ్ఞానంలా ఉండే ఈ మాటలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే నిలిచేది చాలా తక్కువ.

పన్నుల మాట త్వరగా తేల్చవచ్చు. ఆదివాసుల విషయమై కెనడా చేసిన ‘ఇండియన్ చట్టం’ 87వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు ‘స్టేటస్’ (ప్రభుత్వ నమోదు) గుర్తింపు ఉన్న ఫస్ట్ నేషన్స్ వారికి (మెటిస్, ఇన్యూట్ కాని ఆదివాసీ జాతులు), అదీ వారికి కేటాయించిన భూమి అయిన రిజర్వ్‌తో ముడిపడిన ఆదాయానికి, ఆస్తికి మాత్రమే వర్తిస్తుంది. ఆదివాసీ, ఐరోపా సంతతులు కలిసిన మెటిస్ ప్రజలకు, ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలకు అది లేనే లేదు. ఇక ఉచిత ఇళ్ల సంగతి. రిజర్వ్ భూమిపై యాజమాన్యం చట్టరీత్యా రాజ్యానిది. దాన్ని తనఖా పెట్టి మామూలు పద్ధతిలో బ్యాంకు రుణం తెచ్చుకోవడానికి 1876 నాటి ఆ చట్టమే అడ్డు. కాబట్టి ఫస్ట్ నేషన్ స్థానిక పాలకమండలి అయిన బ్యాండ్ కౌన్సిల్ జాబితాలో పేరు రాయించుకొని ఏళ్ల తరబడి ఎదురుచూడడం తప్ప చాలామందికి గత్యంతరం లేదు. ఫస్ట్ నేషన్స్ గృహవసతి లోటును 2030 నాటికి పూడుస్తామన్న ప్రభుత్వ లక్ష్యం ఎంతవరకు వచ్చిందో చూసిన ఆడిటర్ జనరల్, అవసరాల్లో 80 శాతం ఇంకా తీరనేలేదని 2024 మార్చిలో నివేదించారు. 2003 నుంచి లెక్కిస్తే ఆ కార్యాలయం ఈ విషయంపై హెచ్చరించడం అది నాలుగోసారి.

‘కోరుకున్న బతుకు’ అనేవారు లేక్ సెయింట్ మార్టిన్ ఫస్ట్ నేషన్ కథ తెలుసుకోవాలి. 2011లో మానిటోబా రాష్ట్రంలో వరద ముంచెత్తినప్పుడు దిగువన ఉన్న పట్టణాలను, పొలాలను కాపాడేందుకు అసినిబోయిన్ నది నీటిని పోర్టేజ్ డైవర్షన్ కాలువ గుండా మానిటోబా సరస్సులోకి మళ్లించారు. ఆ నీరు అక్కడి నుంచి సెయింట్ మార్టిన్ సరస్సుకు చేరి దాని ఒడ్డున ఉన్న జనావాసాన్ని ముంచింది. ఊరు ఊరంతా విన్నిపెగ్ హోటల్ గదుల్లోకి, అద్దె ఇళ్లలోకి చెదిరిపోయింది. తిరిగి వెళ్లడం మొదలయ్యేసరికి ఆరేళ్లు గడిచాయి. పోలవరం ముంపు గ్రామాల కోయ, కొండరెడ్డి కుటుంబాల సంగతి ఎరిగిన తెలుగువారికి ఇందులో ఎవరి ఎంపిక ఎంతో వేరే చెప్పనక్కరలేదు. దీనికి తోడు ఆదివాసీ పిల్లల కోసం ప్రభుత్వం, చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లు సుమారు 1,50,000 మంది పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేశాయి. అవి మూతపడినా వేరుచేయడం ఆగలేదు. 2021 జనాభా లెక్కల ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల్లో ఆదివాసులు 7.7 శాతమే అయినా, ఫోస్టర్ సంరక్షణలో (కన్నవారి నుంచి తీసి వేరే కుటుంబాలకు అప్పగించే ఏర్పాటు) ఉన్నవారిలో వారి వాటా 53.8 శాతం. వయసు నిండగానే సంరక్షణ ముగిసి, వెళ్లడానికి ఇల్లంటూ లేక రోడ్డున పడే యువత ఈ పిల్లల్లోంచే వస్తుంది.

ఇప్పుడు లెక్కల విషయానికి వద్దాం. అసలు గొడవ ఇక్కడే ఉంది. ఒక్క రాత్రి గణనలు కెనడాలో జరుగుతూనే ఉన్నాయి. జనాభాలో 5 శాతంగా ఉన్న ఆదివాసులు ఆ గణనల్లో సుమారు మూడో వంతుగా తేలుతున్నారు. కానీ ఆ గణన ప్రధానంగా వీధిలో, షెల్టర్లలో కనిపించేవారిని పట్టుకుంటుంది. బంధువుల ఇంటి సోఫా మీద రోజులు వెళ్లదీసేవారిలో చాలామంది దాని లెక్కలోకి రారు. శీతకాలంలో సున్నాకు 40 డిగ్రీల దిగువకు పోయే ఉత్తరాది ఇన్యూట్ ప్రాంతం నునావుత్‌లో ఆరుబయట పడుకుంటే ప్రాణం దక్కదు కనుక, ఇల్లు లేనివారు ఉన్న ఇళ్లలోనే ఇరుక్కుంటారు. మంచం ఖాళీ అయ్యేదాకా ఆగి వంతులవారీగా నిద్రపోయే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఉత్తరాది ఇన్యూట్ ప్రాంతాల్లో నివసించే ఇన్యూట్ ప్రజల్లో 52.9 శాతం మంది కిక్కిరిసిన ఇళ్లలో ఉన్నట్లు 2021 లెక్కలే చెబుతున్నాయి. అర్ధరాత్రి టార్చిలైటుతో వీధులు తిరిగిన వ్యక్తికి అక్కడ ఒక్క నిరాశ్రయుడూ కనిపించడు.

మెటిస్‌-క్రీ చరిత్రకారుడు, స్వయంగా ఏళ్ల తరబడి వీధుల్లో బతికిన జెస్సీ థిసిల్, ఆదివాసీ పెద్దలతో, పరిశోధకులతో, నిరాశ్రయతను అనుభవించినవారితో సంప్రదించి 2017లో రూపొందించిన నిర్వచనం ఈ లోపాన్నే సరిదిద్దింది. అది ఆదివాసీ నిరాశ్రయతకు 12 పార్శ్వాలను గుర్తించింది. భూమి నుంచి చారిత్రక విస్థాపన, ఇరుకు నివాసం, హింస నుంచి పారిపోవడం, వరదల వంటి ప్రకృతి మార్పుల వల్ల ఊరు వదలడం, సొంత ఊరికి తిరిగి వెళ్లినా అక్కడ చోటు దొరకకపోవడం అందులో ఉన్నాయి. విశ్వవిద్యాలయ గదిలో కూర్చొని ఈ చివరిదాన్ని ఊహించడం కష్టం. నగరం నుంచి రిజర్వ్‌కు చేరినవాడిని ఊరికి చేరాడని రాసుకొని ఊరుకునేవారే ఎక్కువ.

ఎవరు అడుగుతున్నారన్నదీ ఫలితాన్ని మారుస్తుంది. పిల్లలతో చెల్లెలి ఇంట్లో తలదాచుకుంటున్న ఒక తల్లిని అపరిచితుడు ఫారం పట్టుకొని ‘ఈ రాత్రి ఎక్కడ ఉంటున్నారు?’ అని అడిగాడనుకుందాం. ఇల్లు లేదని ఒప్పుకుంటే పిల్లలను తీసుకుపోతారేమోనన్న భయం, పైన చెప్పిన ఫోస్టర్ సంరక్షణ అంకెలను బట్టి చూస్తే, నిరాధారమైనది కాదు. అదే ప్రశ్నను ఆమెకు ప్రసవం చేసిన మంత్రసాని సంస్థ తరఫున తెలిసిన మనిషి వచ్చి అడిగితే జవాబు మారవచ్చు.

ఈ సూత్రం మీదే టొరంటోలో మెటిస్ వైద్యురాలు జానెట్ స్మైలీ బృందం, సెవెన్త్ జనరేషన్ మిడ్‌వైవ్స్ అనే ఆదివాసీ మంత్రసానుల సంస్థతో కలిసి ‘అవర్ హెల్త్ కౌంట్స్’ సర్వే చేసింది. సర్వేలో పాల్గొన్న ప్రతివారికీ కొన్ని కూపన్లు ఇచ్చి తమకు తెలిసిన ఆదివాసులకు అందించమన్నారు. ఎవరు ఎవరిని తీసుకొచ్చారన్న గొలుసును నమోదు చేసి, గణాంక పద్ధతులతో మొత్తం జనాభాను అంచనా వేశారు. టొరంటోలో ఆదివాసుల సంఖ్య అధికారిక అంచనాకు రెండు నుంచి నాలుగు రెట్లు ఉంటుందని అందులో తేలింది. సముదాయాన్ని దూరం పెట్టిన లెక్కే కాకిలెక్క అయిందన్నమాట.

కనుక ‘బాధితులే భాగస్వాములైతే నిష్పాక్షికత పోతుంది’ అన్న మాటను తిరగేసి చదవాలి. బయటివారు ఒంటరిగా చేసిన పరిశోధన ఎంత నిష్పాక్షికంగా ఉండేదో చరిత్రలో నమోదై ఉంది. 1942 నుంచి 1952 వరకు ఉత్తర మానిటోబాలో, ఆరు రెసిడెన్షియల్ స్కూళ్లలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఆకలితో ఉన్న ఆదివాసుల మీద, ముఖ్యంగా పిల్లల మీద, వారికి గాని తల్లిదండ్రులకు గాని చెప్పకుండా పోషకాహార ప్రయోగాలు చేసిన సంగతి చరిత్రకారుడు ఇయాన్ మోస్బీ 2013లో బయటపెట్టేదాకా లోకానికి పెద్దగా తెలియదు. 1980లలో కీళ్లవ్యాధి పరిశోధన పేరిట పశ్చిమ తీరంలోని న్యూ-చా-నుల్త్ ఆదివాసీ ప్రజల నుంచి సేకరించిన రక్తాన్ని, వారిని అడగకుండానే, ఇతర అధ్యయనాలకు వాడుకున్నారు. ఇటువంటి అనుభవాల నేపథ్యంలోనే 1998లో ఫస్ట్ నేషన్స్ ప్రతినిధులు తమ సమాచారంపై యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం అనే నాలుగు సూత్రాలను ప్రకటించారు. 2010లో కెనడా పరిశోధనా నైతిక నియమావళి ఆదివాసీ సముదాయాలతో సంప్రదింపుల కోసం ప్రత్యేకంగా తొమ్మిదో అధ్యాయాన్ని చేర్చింది.

ఫలితాలను తొక్కిపెడతారన్న భయానికి ఆ అధ్యాయంలోనే జవాబు ఉంది. సముదాయానికి ఫలితాలను ముందుగా చూసి వ్యాఖ్యానించే అవకాశం ఇవ్వాలి. అభిప్రాయభేదం మిగిలితే దాన్నీ నివేదికలో నమోదు చేయాలి. ఆ పరిశీలనను ప్రచురణను ఆపే అధికారంగా భావించరాదు. డేటాను మళ్లీ వాడుకోవడంపై ఒప్పందాల్లో కట్టుబాట్లు ఉంటాయి, నిజమే. ఔషధ కంపెనీల ఒప్పందాల్లోనూ కట్టుబాట్లు ఉంటాయి గాని వాటి మీద మాత్రం ఫార్వర్డులు రావు. భాగస్వామ్యంలో అసలు చిక్కు వేరే చోట ఉంది. క్రీ, అనిషినాబే, మెటిస్, ఇన్యూట్ ప్రజలు కలగలిసి బతికే నగరంలో సముదాయం తరఫున ఎవరు మాట్లాడాలన్నది తేలిక ప్రశ్న కాదు. ఒక పెద్దమనిషిని వేదిక మీద కూర్చోబెట్టి భాగస్వామ్యం అనిపించుకునే ప్రాజెక్టులనూ తప్పుపట్టవలసిందే. అయితే వాటిలో లోపం భాగస్వామ్యం కొరవడడం.

చివరగా, పరిశోధన డబ్బుతో ఇళ్లు కట్టవచ్చుగా అన్న మాట. మానసిక ఆరోగ్య కమిషన్ 2009 నుంచి 2013 వరకు అయిదు నగరాల్లో నడిపిన ‘ఎట్ హోమ్’ అధ్యయనంలో రెండు వేల మందికి పైగా నిరాశ్రయులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి షరతులు పెట్టకుండా మొదట ఇల్లు చూపించారు. విన్నిపెగ్‌లో పాల్గొన్నవారిలో అత్యధికులు ఆదివాసులు. అక్కడ సేవలందించిన బృందాల్లో ఆదివాసీ సంస్థలు ఉన్నాయి. అయినా యాదృచ్ఛిక ప్రయోగానికి ఉండవలసిన బిగువు ఎక్కడా సడలలేదు. చివరి ఆరు నెలల్లో పూర్తికాలం సొంత నివాసంలో ఉన్నవారు, అయిదు నగరాలు కలిపి, ఇల్లు పొందిన వర్గంలో 62 శాతం, మామూలు సేవలకే పరిమితమైన వర్గంలో 31 శాతం. డబ్బు ఇళ్లకే పెట్టాలన్న వాదనకు నేడు ఉన్న గట్టి ఆధారాల్లో ఇదొకటి. పైగా వెయ్యి మందికి పైగా మనుషులకు ఇల్లు దొరికింది కూడా ఆ పరిశోధన డబ్బుతోనే.