ఎముక లేకపోతే డైనోసారే లేదంటారా?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మూడు రోజుల్నుంచి ఒకటే ఫార్వర్డ్, కింది ఫ్లోర్ అంకుల్ పెట్టారు, అదే మెసేజ్ మా బావమరిది ఇంకో గ్రూప్‌లోంచి ఎత్తి మళ్ళీ నాకే పంపాడు. అందులో ఉన్నదేంటంటే, టెట్రాపోడోసారస్ అనే డైనోసార్‌ది ఒక్క ఎముక కూడా దొరకలేదంట, కాలి గుర్తులు చూసి పేరు పెట్టేసి ఆకులు తినేదని కూడా చెప్పేశారంట, అంతా కట్టుకథ, అసలైన డైనోసార్ కావాలంటే బిర్లా మ్యూజియంకి పోయి చూడండి అని.

మొదటిది, ఎముక లేదు. నిజమే అంకుల్, కానీ ఆ పేరు జంతువుది కాదు, గుర్తుది. కెనడాలో పీస్ నది లోయలో దొరికిన పాదముద్రలకి 1932లో స్టెర్న్‌బర్గ్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. మన గల్లీలో సీసీ రోడ్డు వేసిన రోజు తడి సిమెంట్ మీద కుక్క నడిచిపోయింది కదా, కిరాణా కొట్టు ముందు నాలుగు వేళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, వాన పడితే వాటిల్లో నీళ్ళు నిలుస్తాయి. ఏ కుక్కో తెలీదు, దాని ఎముకలు మన దగ్గర లేవు, అంతమాత్రాన అక్కడ కుక్కే నడవలేదంటామా?

రెండోది, పాదం చూసి తిండి ఎట్లా చెప్తారు అని. ఇది మంచి డౌటే. మాంసం తినే డైనోసార్లు మామూలుగా రెండు కాళ్ళ మీదే నడిచేవి, సన్నటి మూడు వేళ్ళు, కొసన గోరు గుచ్చుకున్న గుర్తు. ఇక్కడేమో ముందు పాదానికి ఐదు వేళ్ళు, వెనక దానికి నాలుగు, అన్నీ పొట్టిగా మొద్దుగా, నాలుగు కాళ్ళూ నేల మీద ఆనించి నడిచిన వరస. స్టెర్న్‌బర్గ్ మొదట కొమ్ముల డైనోసార్ జాతిదేమో అనుకున్నాడు, అది తప్పే, ఒప్పుకోవాలి. 1984లో కార్పెంటర్ అనే ఆయన సౌరోపెల్టా అనే కవచం డైనోసార్ పాదం ఎముకలతో పోలిస్తే ఈ గుర్తులకి సరిపోయాయి, ఆ జాతి మొత్తం ఆకులూ మొక్కలూ తినేదే. కెనడాలోనే అల్బర్టాలో బొగ్గు తవ్వేశాక గోడలా నిలబడ్డ రాతి మీద కూడా ఇవే గుర్తులు బోలెడు బయటపడ్డాయి.

ఇక బిర్లా సంగతి. అక్కడున్నది కోటసారస్, ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికింది, 44 అడుగుల పొడవుంటుంది, చూసి తీరాల్సిందే. కానీ అది ఒక్క జంతువు ఎముకలు కాదు, చాలావాటివి కలిపి నిలబెట్టారు. పుర్రె అసలు దొరకనేలేదు, దొరికినవి రెండు పళ్ళు, మీరు సెల్ఫీ దిగిన ఆ తల అంచనాతో చేసిందే. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్తున్నా, అంకుల్ కూడా వస్తానంటే టికెట్ నేనే తీస్తా.