ముహూర్తం కుదిరింది సరే, ఓసీ వచ్చిందా?

మా గృహప్రవేశం శ్రావణంలో జరిగింది. ఆవునూ దూడనూ తోలుకొచ్చినతను సెల్లార్లోనే ఆగిపోయాడు. లిఫ్టు కోసం వదిలిన గుంత అప్పటికింకా ఖాళీగానే ఉంది. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చింది. ఇంట్లో కరెంటంటారా, బిల్డర్ టెంపరరీ మీటర్ నుంచి లాగిన వైరు. పాలు మాత్రం బాగా పొంగాయి, అదీ తూర్పు వైపే పొంగాయని అందరూ సంతోషించారు. భోజనాల వేళకి బిల్డర్ మనిషి ఓ కాగితం పట్టుకొచ్చాడు. 'ఫ్లాటును అన్ని విధాలా సరిచూసుకుని స్వాధీనం చేసుకున్నాము' అని ఉంది అందులో. చుట్టాల ముందు పేచీ ఎందుకని సంతకం పెట్టేశాను. మిగిలిన డబ్బుకు చెక్కూ ఇచ్చేశాను.

కొత్త ఇల్లు కొనేవాళ్లకు సలహాలకేం కొదవ లేదు. ఏరియా, ఫేసింగ్, ఈఎంఐ, స్కూలు ఎంత దూరం, మెట్రో ఎప్పుడొస్తుంది. ఇవన్నీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఒక్కదాని గురించే చెబుతాను. కొత్త ఇంటి విషయంలో కొనేవాడి మాట చెల్లేది తాళాలు చేతికొచ్చే ముందు రోజు దాకానే. ఆ తర్వాత ఫోన్ ఎత్తాలా వద్దా అన్నది అవతలివాళ్ల ఇష్టం. ఆ కాస్త బలాన్నీ మనం తెచ్చి పంచాంగం చేతిలో పెడుతున్నాం. ఆషాఢం ముంచుకొస్తోందనీ, పుష్యం శూన్యమాసమనీ మనం కంగారుపడతామని బిల్డర్‌కి మనకంటే బాగా తెలుసు.

ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. మంజూరైన ప్లాన్ ప్రకారమే కట్టారు, మనుషులు ఉండొచ్చు అని మున్సిపాలిటీయో కార్పొరేషనో ఇచ్చే ధ్రువపత్రం. 'ఓసీదేముందండీ, అప్లై చేశాం, రెండు నెలల్లో వచ్చేస్తుంది' అనే మాట వినని కొనుగోలుదారు మన దగ్గర అరుదు. నిజంగా ప్లాన్ ప్రకారం కట్టి ఉంటే ఆ రెండు నెలలూ ఆగడానికి ఇబ్బందేంటని అడిగేవాళ్లు ఇంకా అరుదు. పెంట్‌హౌస్ పేరుతో ఒక అంతస్తు ఎక్కువ లేపినా, బిల్డింగు చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాకుల్లోకి గోడలు జరిపినా, సెల్లార్ పార్కింగులో గదులు వేసినా ఓసీ దగ్గరే చిక్కుతుంది. లేటవుతోందంటే ఊరికే లేటవదు.

బయట పెద్దగా చెప్పుకోని సంగతి ఒకటుంది. తెలుగు రాష్ట్రాల్లో అపార్ట్‌మెంట్ బిల్డింగులకు అనుమతి ఇచ్చేటప్పుడు మొత్తం నిర్మాణంలో 10 శాతం దాకా భాగాన్ని స్థానిక సంస్థ తన దగ్గర తాకట్టుగా పెట్టించుకుంటుంది. సాధారణంగా కింది అంతస్తుల్లో ఏవో కొన్ని ఫ్లాట్లు. వాటి వివరాలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోని నిషేధిత జాబితాకు, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాకు ఎక్కుతాయి. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకుంటేనే విడుదలవుతాయి. వ్యాపారం తెలిసినవాళ్లు వీటిని 'మార్టిగేజ్ ఫ్లాట్లు' అంటారు. ఫస్ట్ ఫ్లోర్‌లో ఓ ఫ్లాటు మిగతావాటికంటే నాలుగైదు లక్షలు తక్కువకు వస్తోందంటే, 'రిజిస్ట్రేషన్ కాస్త తర్వాత పెట్టుకుందాం, ఈలోగా మీరు దిగిపోండి' అంటున్నారంటే, ముందు మార్టిగేజ్ డీడ్‌లో ఆ ఫ్లాటు నంబరు ఉందేమో చూడండి. ఆ కాపీ బిల్డర్ ఇవ్వకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవచ్చు. ఆస్తి మీద ఉన్న తాకట్టులూ లావాదేవీలూ చూపించే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే కూడా చాలావరకు బయటపడుతుంది.

ఓసీ లేకపోతే నీళ్లు, కరెంటు రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదని, ఇస్తే మూడు రెట్ల చార్జీ వసూలు చేయవచ్చని 2012 నాటి భవన నిబంధనలే చెబుతున్నాయి. అమలు ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. అయితే 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా కనెక్షన్లు ఇవ్వొద్దంది. బ్యాంకులు కూడా ఆ పత్రాన్ని పరిశీలించాకే కట్టడం తాకట్టు మీద లోన్లు ఇవ్వాలంది. అంటే రేపు మన ఫ్లాటు అమ్ముకోవాలన్నా, కొనేవాడి బ్యాంకు మొదట అడిగేది ఈ కాగితమే కావచ్చు.

డబ్బు లెక్కలోనూ ఓసీకి ముందు, తర్వాత అని తేడా ఉంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ. 80 లక్షల ఫ్లాటుకు 4 లక్షలు. ధర 45 లక్షలు దాటకుండా, హైదరాబాద్ లాంటి మెట్రోలో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతమే. ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీయే లేదు. కాబట్టి 'రెడీ టు మూవ్' అని బోర్డు పెట్టి జీఎస్టీ అడుగుతున్నారంటే, ఆ ఇల్లు కాగితాల మీద ఇంకా పూర్తి కాలేదని వాళ్లే ఒప్పుకుంటున్నట్టు.

ఈ మధ్య ఇంకో పద్ధతి మొదలైంది. 'ఇంటీరియర్స్ చేయించుకోండి సార్, తాళాలిచ్చేస్తాం' అంటారు. వినడానికి మేలు చేస్తున్నట్టే ఉంటుంది. ఒకసారి మన వడ్రంగి లోపల అడుగుపెట్టాడంటే, తర్వాత టైలు పగిలినా, గోడలో పైపు కారినా 'మీ వర్కర్లే చేశారు' అంటారు. కప్‌బోర్డులకు పది లక్షలు పోసినవాడు ఎలాగూ వెనక్కి పోడు. మెయింటెనెన్స్ మీటర్ కూడా ఆ రోజు నుంచే తిరగడం మొదలవుతుంది.

చట్టం కొనేవాడి వైపు లేదని కాదు. 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి డబ్బు తీసుకోకూడదు. తాళాలిచ్చిన నాటి నుంచి 5 ఏళ్ల లోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ లోపం చూపిస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో బిల్డరే బాగుచేయాలి. పిల్లర్లకే కాదు, బాత్రూం లీకేజీకీ ఇది వర్తిస్తుంది. ఓసీ వచ్చాక రెండు నెలల్లోపు స్వాధీనం చేసుకోవాలని కొనేవాడికీ ఒక బాధ్యత పెట్టింది. దీని అర్థమేంటంటే, ఓసీ రాకముందు 'త్వరగా తీసుకోండి' అని మనల్ని తొందరపెట్టే హక్కు వాళ్లకు లేదు. అయితే 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు మించని స్థలంలో కట్టేవాటికి గానీ, 8 ఫ్లాట్లకు మించని చిన్న బిల్డింగులకు గానీ రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాలనీల్లో మనవాళ్లు ఎక్కువగా కొనే స్టాండెలోన్ అపార్ట్‌మెంట్లలో ఇలాంటివీ ఉంటాయి. అక్కడ ఓసీ మీద పట్టుదల ఇంకా ఎక్కువ ఉండాలి.

చెరువు సంగతి వేరే. హైదరాబాద్‌లో 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) అనే మాట ఇళ్లు కొనేవాళ్లందరికీ తెలిసిపోయింది. 10 హెక్టార్లు, దానికి మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు బఫర్ జోన్, అంటే ఎఫ్‌టీఎల్ బయట ఇళ్లు కట్టకూడని మేర. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులు ఉన్నాయి, బయానా ఇచ్చే ముందే చూసుకోండి.

ఇక తాళాలు తీసుకునే ముందు ఒక రోజంతా ఆ ఇంట్లో గడపండి. పూజారితో కాదు, ఒక ప్లంబర్‌తో. రూపాయి బిళ్లతో ప్రతి టైలునూ నాలుగు మూలలా కొట్టి చూడండి. కింద సిమెంటు నిండిన టైలు 'టక్' మంటుంది, బోలుది డొల్లగా పలుకుతుంది, ఏడాదిలో లేస్తుంది. బాత్రూం డ్రైన్‌ను గోనెగుడ్డతో మూసి, రెండంగుళాల నీళ్లు నింపి రెండు రోజులు వదిలేయండి. తర్వాత కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్ చూడండి. బాల్కనీలో బకెట్ నీళ్లు పోసి అవి పైపు వైపు పోతున్నాయో హాల్లోకి వస్తున్నాయో గమనించండి. టేపు పెట్టి కార్పెట్ ఏరియా కొలవండి. బయటి గోడలు, బాల్కనీ ఇందులోకి రావు, లోపలి అడ్డగోడలు వస్తాయి. అమెరికాలో ఉండి వాట్సాప్ వీడియోలో ఇల్లు చూసుకునేవాళ్లకు టైలు చప్పుడు వినపడదు. బావమరిదినో స్నేహితుడినో పంపండి, కానీ బ్రోకర్ ఫోన్ పట్టుకుని తిప్పే టూరును నమ్మొద్దు. కనిపించిన లోపాలన్నీ ఫొటోలతో మెయిల్ చేయండి. ఫోన్లో చెప్పిన దానికి సాక్ష్యం ఉండదు.

చివరి వాయిదా ఓసీ చేతికొచ్చాకే ఇస్తానని అగ్రిమెంట్ దశలోనే రాయించుకోండి. తర్వాత అడిగితే ఎవరూ ఒప్పుకోరు. నేను రాయించుకోలేదు. మా కింది ఫ్లాటాయన దీపావళికి ముందే మా బాత్రూం కింద తడి చూపించాడు. బాగుచేయించడానికి నేను పెట్టిన ఖర్చు ఆయనకూ తెలుసు, మా ఆవిడకూ తెలుసు. బిల్డింగ్‌కు ఓసీ మేం దిగిన 14 నెలలకు వచ్చింది.

మొన్న మా తోడల్లుడు ఫోన్ చేశాడు. ఫ్లాటు రెడీ అయిందట, శ్రావణంలో రెండు ముహూర్తాలున్నాయట, ఏది బాగుంటుందంటావు అన్నాడు. ముందు బిల్డర్‌ని ఓసీ దరఖాస్తు నంబరు అడుగు అన్నాను. అడిగి మూడు వారాలైంది. నంబరు ఇంకా రాలేదు. కార్తీకంలో చూద్దామనుకుంటున్నారు.