ట్రాము లోపల సెంటు జాగా

బల్ల మీది పట్టాలపై నడిచే చిట్టి నమూనా ట్రాముతో పాటు పెట్టెలో వచ్చే సూచనల కాగితాన్ని మించిన ఆశావాద రచన ఈ మధ్య కాలంలో నా కంట పడలేదు. ఏ ఇరుసుకు నూనె వేయాలో, ఎంత వేయాలో, ఎక్కువైతే ఏమవుతుందో విడమర్చి రాసిన ఆ పెద్దలే, డిజిటల్ నియంత్రణ దగ్గరకు వచ్చేసరికి హఠాత్తుగా మితభాషులై, డీకోడర్‌ను, అంటే ఆజ్ఞలు చదివి బండిని నడిపించే చిన్న సర్క్యూటు పలకను, అనువైన చోట అమర్చుకోవలసిందని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ అనువైన చోటు పైకప్పు కిందనా, నేల కిందనా, డ్రైవరు ఒళ్లోనా అన్న వివరం లేదు. పక్కనే వేసిన బొమ్మలో ఒక బాణం గుర్తు మాత్రం ఉంది, అది ట్రామును చూపిస్తోంది. డీకోడర్ ట్రాములోనే ఎక్కడో ఉండాలన్న మేరకు మనకు స్పష్టత ఇచ్చినందుకు కృతజ్ఞులమై ఉండాలి.

పాఠకుల్లో చాలామంది ఈ బాధ పడినవారే గనుక పూర్వకథను క్లుప్తంగా చెబుతాను. వెనకటి పద్ధతిలో పట్టాల్లోకి 12 వోల్టుల వరకు డీసీ కరెంటు పంపేవాళ్లం, వోల్టేజి పెంచితే వేగం పెరిగేది, ప్లస్సు మైనస్సులు తారుమారు చేస్తే బండి వెనక్కి నడిచేది. ఒకే పట్టా మీద రెండు ట్రాములుంటే రెండూ కలిసి కదిలేవి, కలిసి ఆగేవి. ఈ ఐకమత్యం నచ్చనివారి కోసం, జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ రూపొందించిన పద్ధతిని ఆధారం చేసుకుని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) అనే ప్రమాణాన్ని ఖరారు చేసింది. దీనిలో పట్టాల మీద వోల్టేజి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాని ధ్రువాలు క్షణక్షణానికీ తిరగబడుతుంటాయి. అలా ఒకసారి అటూ ఇటూ తిరగబడడంలో అర్ధభాగం 58 మైక్రోసెకన్లయితే ఒకటి అనే అంకె, 100 లేదా అంతకు మించితే సున్నా. ఈ ఒకట్లనూ సున్నాలనూ చదివి, తన అడ్రసుకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటించి, మోటారును నడిపించే చిన్న సర్క్యూటు పలకే డీకోడర్. పదివేలకు పైగా అడ్రసులు ఇవ్వగల ఏర్పాటు ఇది. భోజనాల బల్ల మీద మూడు ట్రాములు నడుపుకొనే మనిషికి భవిష్యత్తు గురించి ఇక బెంగ అక్కర్లేదు. కాకపోతే ఫ్యాక్టరీ నుంచి ప్రతి డీకోడరూ 3 అనే అడ్రసుతోనే బయటికి వస్తుంది కాబట్టి, ఆ మూడింటినీ విడివిడిగా పిలుచుకునేలోగా పాత ఐకమత్యమే మరికొంత కాలం కొనసాగుతుంది.

ఇక జాగా సంగతి. లిస్బన్‌లో 28వ నంబరు రూటులో కొండలెక్కి దిగే పసుపుపచ్చని రెండిరుసుల ట్రామును మనసులో పెట్టుకోండి. అలాంటి బండి పొడవు 9 మీటర్లు, వెడల్పు రెండుంబావు మీటర్లు అనుకుంటే, 1:87 నిష్పత్తిలో పొడవు 103 మిల్లీమీటర్లు, వెడల్పు 26. అదే 1:160కి దిగితే పొడవు 56, వెడల్పు 14. అందులో ఇటు గోడ, అటు గోడ తీసేస్తే మిగిలిన సందులోనే మోటారు, పళ్ల చక్రాలు, బండి తేలిపోకుండా వేసిన లోహపు దిమ్మ సర్దుకోవాలి. డీకోడర్లు చిన్నవిగా లేవని నేననను. 8 మిల్లీమీటర్ల చదరంలో, రెండున్నర మిల్లీమీటర్లకు మించని మందంతో తయారుచేసిన మహానుభావులున్నారు. కాని దానికి వేలాడే వైర్ల మాటేమిటి? పట్టాల నుంచి ఎరుపు, నలుపు, మోటారుకు నారింజ, బూడిదరంగు, దీపాలకు నీలం, తెలుపు, పసుపు. ఇన్ని వైర్లు ఒద్దికగా పడుకోవడానికి డీకోడర్‌కు పట్టినంత చోటు మళ్లీ కావాలి.

ఆవిరి ఇంజనుకైతే వెనక బొగ్గు బండి ఉంటుంది, డీజిల్ ఇంజనుకు పొడవాటి ముక్కు ఉంటుంది. రైలు పెట్టెలో అయితే మరుగుదొడ్డి ఉంటుంది, దాని కిటికీకి మసకటద్దం ఉంటుంది, చేయి తిరిగినవారు డీకోడర్‌ను గౌరవంగా అందులో కూర్చోబెడతారు. ట్రాముకు అదీ లేదు. ఊరంతా చూడాలని నాలుగు వైపులా కిటికీలు పెట్టి కట్టిన బండి అది.

కాబట్టి చోటు కావాలంటే సేకరించక తప్పదు. మన దేశంలో దీనికి 2013 నాటి భూసేకరణ చట్టం సిద్ధంగా ఉంది గనుక, నేను దాని ప్రకారమే ముందుకు వెళ్లాలని ప్రతిపాదిస్తున్నాను. ముందుగా సామాజిక ప్రభావ అంచనా. ప్రభావిత ప్రాంతంలో ఆరుగురు ప్లాస్టిక్ ప్రయాణికులు, ఒక డ్రైవరు నివసిస్తున్నారు. ప్రయాణికులు సీట్లలో ఇమడడం కోసం మోకాళ్ల కింది భాగాన్ని ఇదివరకే ఈ ప్రాజెక్టుకు త్యాగం చేసి ఉన్నారని, అందుకు వారికి పరిహారం అందిన దాఖలా లేదని నివేదికలో నమోదు చేయాలి. తరువాత ప్రాథమిక ప్రకటన, అభ్యంతరాలకు 60 రోజుల గడువు. ప్రైవేటు కంపెనీ ప్రయోజనం గనుక ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం సమ్మతి అవసరం. గ్రామసభను ట్రాము పైకప్పు ఊడదీసి నిర్వహించవచ్చు. ఒళ్లో సంచీ పెట్టుకున్న ఆవిడ లేవదు. ఆమెను సీటుకు అంటించిన జిగురు అటువంటిది. పేపరు చదువుతున్న పెద్దమనిషి తల ఎత్తడు, దాన్ని మౌనాంగీకారంగా రాసుకుంటారు. కిటికీ పక్కనున్న కుర్రవాడు డీకోడర్ వేడెక్కుతుందట కదా, పక్కన కూర్చునేవారి సంగతేమిటని నిలదీస్తాడు. అధికారి ఆ ప్రశ్నను సంబంధిత శాఖకు పంపిస్తానని హామీ ఇస్తారు. చివరికి వెనక మూడు సీట్లను కోసేసి, నిర్వాసితులకు దీపస్తంభం పక్కన స్టాపులో నిలబడేందుకు పునరావాసం కల్పిస్తారు. వారు నిలబడలేరు, వారికి కాళ్లు లేవు. ఆ విషయం ఫైలులో రెండో పేజీలోనే ఉంది, ఎవరూ వెనక్కి తిప్పి చూడలేదు. వైర్లకు ఇంకా చోటు చాలక డ్రైవరును కూడా ఖాళీ చేయించి, సందర్శకులకు మాత్రం ఇది డ్రైవరు లేకుండా నడిచే ఆధునిక ట్రామని చెబుతారు.

స్వాధీనం పూర్తయ్యాక విద్యుత్ పని మొదలవుతుంది. నిజమైన ట్రాము నెత్తి మీది తీగ నుంచి కరెంటు తీసుకుని పట్టాల ద్వారా తిప్పి పంపిస్తుంది. మన నమూనా నెత్తి మీద ఎంత అందమైన కొక్కెం ఉన్నా అది చాలావరకు అలంకారమే, కరెంటంతా కిందినుంచే. పాత నమూనాల్లో మోటారుకు కరెంటు అందించే బ్రష్షుల్లో ఒకటి నేరుగా లోహపు చట్రాన్ని తాకుతుంది, ఆ చట్రం పట్టాకు కలిసి ఉంటుంది. డీకోడర్ పెట్టేముందు మోటారును పట్టాల నుంచి పూర్తిగా విడదీసి, మీటరుతో చూసుకుని, మధ్యలో కరెంటును ఆపే, వేడికి తట్టుకునే కాప్టన్ టేపు వేయాలి. వేయకపోతే డీకోడర్ తన చివరి ఆజ్ఞను పొగ రూపంలో వెల్లడిస్తుంది. చట్రమే కరెంటుకు ఒక ధ్రువం, బ్రష్షు దాని మీద, టంకం వేయడానికి గోరంత రేకు కూడా లేదు. ఇలాంటి కట్టుబడికి సూచనల కాగితంలో వాడిన విశేషణం సులభం.

సరే, పెట్టేశాం. ఇప్పుడు బండి నడవాలి. నాలుగే చక్రాలు, వాటిలో జారకుండా రబ్బరు తొడిగినవి కరెంటు పట్టవు. మిగిలినవాటిలో ఒకదాని కింద ధూళి పడినా, పట్టాలు చీలే చోట ప్లాస్టిక్ ముక్క మీద నిలిచినా, డీకోడర్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మేలుకుంటుంది. పాత డీసీ పద్ధతిలో అదే చోట బండి తన ఊపులో తాను దాటిపోయేది. దీనికి మందు కెపాసిటర్, క్షణంసేపు కరెంటును దాచి అందిస్తుంది, నిజంగా పనిచేస్తుంది. అది డీకోడర్ కంటే పెద్దది. దాన్ని ఎక్కడ పెట్టాలయ్యా అంటే, అనువైన చోట.

ఇప్పటివరకు నేను నవ్వుతూనే రాశాను, ఇక నా వల్ల కాదు. చోటు కోసం లోహపు దిమ్మను ఆకురాయితో అరగదీయడం తప్ప మరో దారి లేదని ఆ బండిని గీసిన ఇంజనీరుకు తెలుసు. అరగదీస్తే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే చక్రం పట్టాను గట్టిగా తాకదు, తాకకపోతే కెపాసిటర్ కావాలి, కెపాసిటర్‌కు ఇంకా అరగదీయాలి. ఇదంతా తెలిసీ పెట్టె మీద డిజిటల్‌కు తగినదని అచ్చు వేశారు. లోపలి కాగితం చివరన, కంటికి ఆనని అక్షరాల్లో, బండిని విప్పినా, ఏ భాగాన్నయినా మార్చినా గ్యారంటీ చెల్లదని రాశారు. పైన చేయమన్న పనినే కింద నేరంగా రాశారు! నెలల తరబడి డబ్బు కూడబెట్టి, వణుకుతున్న చేతుల్తో భూతద్దం పట్టుకుని, రిటైరైన మనిషొకరు ఆ బండిని విప్పుతారే, ఆయన ముఖం వీళ్లకు ఎప్పుడైనా గుర్తొస్తుందా? కాల్చేసుకున్నాక ఆయన వెళ్లి అడిగితే, ఇది నిపుణులు చేయవలసిన పని సార్ అంటారు. ఆ ముక్క పెట్టె మీద వేయడానికి ఏమడ్డొచ్చింది? సిగ్గు లేకపోతే సరి.

అచ్చుపోతలో ఆ దిమ్మకు 15 మిల్లీమీటర్ల పొడవు, 9 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల లోతు గుంట ఒకటి వదిలి, మోటారు రెండు కొసలకూ చెరో రేకు పెడితే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. ఆ కొలతలకు పోయే లోహం చెవి పోగుకు కూడా చాలదు. అదీ చేతకాకపోతే కనీసం ఒక్క పని చేయండి. పెట్టె మీద ఏ ఊరి ట్రామో, ఏ ఏడాది రంగో, తలుపులు ఎన్నో, నిష్పత్తి ఎంతో బంగారు అక్షరాల్లో వేస్తున్నారు కదా, ఆ వరసలోనే లోపల ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లో కూడా వేయండి. సున్నా అయితే సున్నా అనే వేయండి, సిరా ఖర్చు కూడా తక్కువే.