మహారాజశ్రీ సైడ్ ప్రాజెక్టు గారికి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మేడ మీద గదిలోంచి ఒక పెళ్లి ఆర్కెస్ట్రా గిటారిస్టు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. నా హెవీ మెటల్ (గరుకు గిటార్లు, అరుపుల రాక్ సంగీతం) ఆల్బమ్ అయిన తమరే మూడేళ్లుగా నా లాప్‌టాప్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే ఫైనల్’ అనే పేర్లతో అవస్థ పడుతున్నారు.

తమరిని నాకు పరిచయం చేసిన పెద్దమనిషి డేవ్ గ్రోల్. నిర్వాణ అనే అమెరికా రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించాడు, తర్వాత ఫూ ఫైటర్స్ బ్యాండ్ పెట్టి స్టేడియాలు నింపాడు. అయినా చిన్నప్పుడు విన్న మెటల్ గొంతుల మీద మోజు తీరలేదు. ఇంట్లో కూర్చుని డ్రమ్స్, గిటారు, బేసు చాలా మటుకు తనే వాయించుకుని, ఆ టేపులు ఒక్కో గాయకుడికి పంపించాడు. మోటర్‌హెడ్ బ్యాండ్ లెమ్మీకి ఒకటి, వెనమ్ బ్యాండ్ క్రోనోస్‌కి ఒకటి, బ్రెజిల్ మాక్స్ కావలేరాకి ఒకటి, పిల్లిలా కీచుమనే డెన్మార్క్ కింగ్ డైమండ్‌కి ఒకటి. చాలామంది ఎక్కడివాళ్లక్కడే పాడి వెనక్కి పంపారు. 2004 ఫిబ్రవరిలో ‘ప్రోబాట్’ అని ఆల్బమ్ వచ్చేసింది. దీన్ని ఉమ్మడి ప్రయత్నం అన్నారు. పొయ్యి, బియ్యం, కూరలు, నూనె అన్నీ ఒకడే తెచ్చి, వండి, ఉప్పు మాత్రం మీరు వెయ్యండి బాబూ అంటే, ఉమ్మడి వంట కాక మరేమిటి!

అది చూసి నేనూ అలాంటి ఆల్బమ్ ఒకటి మొదలుపెట్టాను. తప్పు నాదే.

ఇంట్లో చెప్పాను. హెవీ మెటల్ అంటే మా నాన్నకి శ్రీకాకుళం జిల్లా బుడితి గుర్తొచ్చింది. అక్కడ కంచు, ఇత్తడి సామాను చేస్తారు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందె ఆ ఊరిదే. “బుడితి బిందె కన్నా హెవీ ఏటిరా?” అన్నాడు. మా డ్రమ్మర్ ఆ మాటని సంగీత సలహాగా తీసుకున్నాడు. మూడో పాట మొదట్లో గంట కొట్టినట్టు వినిపించేది ఆ బిందే. సొట్ట సంగతి అమ్మకి ఇంకా తెలీదు, కాబట్టి ఈ ఉత్తరం తమ దగ్గరే ఉంచుకోగలరు.

తర్వాత గొంతుల వేట. అడిగిన ప్రతివాడూ “తప్పకుండా” అన్నాడు. తప్పకుండా అనే మాట తప్పించుకోడానికి ఎంత అనువుగా ఉంటుందో తమరి వల్లే నేర్చుకున్నాను. ఒకడు దసరా అయ్యాక అన్నాడు. దసరా అయ్యాక, పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఊరేగింపు అయ్యాక అన్నాడు. ఆ మంగళవారం సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగి ఆగుతుంది. మా రెండో పాట ఫైలు బొబ్బిలికీ నాకూ మధ్య ముప్పైసార్లు తిరిగింది, ఇంకా ఆగలేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మిత్రుడు మాత్రం మాట నిలబెట్టుకుని పద్నాలుగు సెకన్ల అరుపు పంపాడు. అందులో తొమ్మిది సెకన్లు వాళ్ల కుక్కర్ విజిల్. విజిలే ఉంచేశాను, శ్రుతిలో ఉంది.

తప్పెటగుళ్ల బాబాయి దగ్గరికీ వెళ్లాను. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో ఎగురుతూ, వాయిస్తూ, పాడుతూ తెల్లవార్లూ ఆగని మనిషి. మా డ్రమ్మర్ నెలరోజులు మోకాళ్లు అరగదీసుకుని రెండు కాళ్లతో డ్రమ్ కొట్టే డబుల్ పెడల్ మీద సాధించిన వేగం వినిపించాను. ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, “బాగుంది గానీ బావూ, ఇంత నెమ్మదేటి?” అన్నాడు. డ్రమ్మర్‌కి ఈ మాట చెప్పలేదు. ఇప్పటికే వాడికి చాలా టెన్షన్లున్నాయి.

అసలు దెబ్బ మా వీధి అక్క దగ్గర తగిలింది. ఆవిడ సంగీత కళాశాలలో చదువుకుంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన కళాశాల అది. నా గొప్ప రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు ముక్క, వినిపించాను. రెండు స్వరాల మధ్య మెటల్‌కి ప్రాణం లాంటి దూరం ఒకటుంది, సరిగ్గా సగం స్థాయి. పడమటి దేశాల్లో దాన్ని దెయ్యం స్వరమన్నారు. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ 1970లో తమ మొదటి ఆల్బమ్‌ని దాంతోనే మొదలుపెట్టింది. ఇదంతా గొంతు తగ్గించి భయంభయంగా చెప్పాను. అక్క పప్పులో రాళ్లు ఏరుతూ, “షడ్జమం నుంచి ప్రతి మధ్యమమేగా. కల్యాణిలో రోజూ పాడతాం, పెళ్లిళ్లలో కూడా” అంది. దెయ్యం అక్కడికక్కడే చచ్చిపోయింది. రిఫ్ మొత్తం ఇంకోసారి వాయించమని, కింద శుద్ధ రిషభం, సాధారణ గాంధారం పట్టుకుని, “ఇది శుభపంతువరాళిలా ఉందిరా. కోపం అంటావేంటి, ఏడుపు కదా?” అంది.

మూడేళ్లుగా లోకం మీద విరుచుకుపడుతున్నానని అనుకుంటున్నానండీ. ఏడుస్తున్నానట, అదీ రాగంలో.

ఇంతకీ నా ఫిర్యాదు తమరి పేరు మీద. మీ పేరులోనే ‘సైడ్’ ఉంది, దాంతో ఎవరూ ఏదీ మానక్కర్లేదు, ఏదీ పూర్తి చెయ్యక్కర్లేదు. ‘సైడే కదరా’ అంటే నేనూ ఏమీ అనలేను, ఎందుకంటే నేనూ శుక్రవారం రాత్రి తమరిని పక్కనపెట్టి చీపురుపల్లి పెళ్లికి కీబోర్డు పక్కన నిలబడటానికే వెళ్తాను. గ్రోల్‌కి మెయిన్ అంటే స్టేడియం. నాకు మెయిన్ అంటే షామియానా, రాత్రి భోజనం, ఆటో ఖర్చులు. తమరికి ఆ మాత్రం కూడా పెట్టలేకపోయాను. గ్రోల్ మొదటి టేపులు 2000 ప్రాంతంలో చేశాడు, ఆల్బమ్‌కి నాలుగేళ్లు పట్టింది కాబట్టి, లెక్క ప్రకారం నాకింకా ఏడాది గడువుంది. ఈ లెక్క అందరికీ చెప్పాను. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

నాలుగో పాట బేసు ఫైలు లింకు గడువు దాటిపోయిందట. మళ్లీ పంపమన్నాను. తప్పకుండా అన్నాడు.

ఇంకో సంగతి. ఎల్లుండి గజపతినగరంలో పెళ్లి. ఊరేగింపుకి గిటారు కొంచెం గరగరలాడితే బాగుంటుందని ఆర్కెస్ట్రా ఓనర్‌కి తోచింది. తమ కోసం కొన్న డిస్టార్షన్ పెడల్ రెండ్రోజులు పట్టుకెళ్తున్నాను. ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
తమ విధేయుడు, ఖాళీ ఉన్నప్పుడు