అమ్మకు రాదని తేల్చింది ఎవరు?

హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నల గురించి ఊరికి దూరంగా ఉంటున్న మన తెలుగు సంఘంలో ఎవరిని కదిపినా ఇలాంటి మాటే వినిపిస్తుంది: "మా అమ్మకు ఫోన్ వాడటం రాదండీ, కూరగాయలు కూడా ఇక్కణ్నుంచి నేనే ఆర్డర్ పెడతాను." అందులో ఉన్నది ప్రేమే. కానీ ఏళ్ల తరబడి వింటే అమ్మ కూడా అదే నమ్ముతుంది. "నావల్ల కాదులే, నువ్వే చూడు" అని తనే అనడం మొదలుపెడుతుంది. పిల్లల ఫీజుల నుంచి ఇంటి రిజిస్ట్రేషన్ దాకా అన్నీ చూసుకున్న మనిషి బ్యాంకు యాప్ ముందు చేతులెత్తేస్తే, కారణం వయసొక్కటే అంటే నేనొప్పుకోను. అందులో మన పాత్ర చాలా ఉంది.

"నీకొస్తుందమ్మా" అని ధైర్యం చెబితే చాలదు. తన మీద తనకు నమ్మకం ఎలా కుదురుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించారు. అన్నిటికంటే బలంగా పనిచేసేది స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం కూడా సాయపడుతుంది. ఉత్త మాటల ప్రోత్సాహం వీటి ముందు నిలవదు. మనం వాట్సాప్‌లో పంపే మంచి మాటలన్నిటికంటే, ఒక్క కరెంటు బిల్లు ఆమె చేత్తో ఆమే కట్టుకోవడం మేలు.

మాలావత్ పూర్ణ సంగతే చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, వ్యవసాయ కూలీల బిడ్డ. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె సాధన మొదలైంది హైదరాబాద్‌కు దగ్గర్లోని భువనగిరి కొండ మీద. ముందు ఆ రాయి, తర్వాతే హిమాలయాలు. ఆమె వెనుక సాంఘిక సంక్షేమ గురుకులం, శిక్షకులు, ప్రభుత్వ డబ్బు ఉన్నాయన్నది కూడా మరవకూడదు. మనసు మార్చుకుంటే అన్నీ అయిపోతాయని చెప్పేవాళ్లతో నాకు పేచీ అక్కడే. మోకాళ్ల నొప్పి అపోహ కాదు, ఆన్‌లైన్ మోసాల భయమూ ఉత్తది కాదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని నేర్పాలి తప్ప, ఫోనే ముట్టుకోవద్దనకూడదు.

ఈ డిసెంబరులో ఇంటికి వెళ్లేవాళ్లను ఒక్కటే కోరతాను. అమ్మ సికింద్రాబాద్‌లో పిన్ని ఇంటికి వెళ్లాలంటే వెంటనే క్యాబ్ బుక్ చేయకండి. నడవగలిగితే మెట్రోలో వెళ్లమనండి. ఇల్లు కేపీహెచ్‌బీ వైపు అనుకుంటే, కేపీహెచ్‌బీ కాలనీ స్టేషన్‌లో ఎక్కి, అమీర్‌పేట్‌లో నాగోలు వైపు రైలు మారి, సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగాలి. మొదటిసారి మీరూ వెళ్లండి, కానీ ఒక అడుగు వెనకే నడవండి. టికెట్ ఆమెనే తీసుకోనివ్వండి. అమీర్‌పేట్‌లో ఎటు వెళ్లాలో తేలక ఆగిపోతే టెన్షన్ పడి చేయి పట్టుకుని లాక్కెళ్లకండి. బోర్డులు తెలుగులో కూడా ఉన్నాయి, ఆమె చదువుకుంటుంది. ఆలస్యమైతే ఇంకో రైలు వస్తుంది.